ఈ నెల అన్నీ గుర్రాలే: మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో "ఏ జంతువు బొమ్మ వెయ్యడం మీకు కష్టంగా ఉంది" అని ఒక లైన్ రాశాం అంతే, ఉత్తరాలూ వాట్సాప్ మెసేజ్‌లూ కుప్పలుగా వచ్చాయి, అందులో గుర్రం గురించి అడిగినవాళ్ళే ఎక్కువ. అందుకని ఈ నెల శీర్షిక మొత్తం గుర్రానికే ఇచ్చేస్తున్నా. నాకు మహా ఇష్టమైన సబ్జెక్టు కాబట్టి కొన్ని జవాబులు పొడుగైతే ఏమనుకోకండి.

ప్రశ్న: సార్, నేను డిగ్రీ సెకండియర్. పెన్సిల్ షేడింగ్ బాగానే వస్తది, మనుషుల మొహాలు మంచిగ గీస్తా. కానీ పరిగెత్తే గుర్రం వేద్దామని కూర్చుంటే కాళ్ళ దగ్గరికొచ్చేసరికి అది కుక్కలాగనో ఆవులాగనో అయిపోతుంది. ఎక్కడ తప్పు చేస్తున్న?
- ఒక విద్యార్థి, నిజామాబాద్

బాబూ, ముందు పరిగెత్తే గుర్రాన్ని కొన్నాళ్ళు పక్కన పెట్టు. నిలబడ్డ గుర్రం రానివాళ్ళకి పరిగెత్తే గుర్రం రాదు, ఈ మాట నేను ఎవరికైనా మొదటి రోజే చెప్తా. జూలు ఎగరడం, దుమ్ము లేవడం, ముక్కుపుటాలు విచ్చుకోవడం ఇవన్నీ చూడ్డానికి బాగుంటాయి గానీ వాటి వెనక నిలబెట్టే ఎముక లేకపోతే బొమ్మ కూలిపోతుంది.

నీ సమస్య కాళ్ళలో ఉందన్నావు, నిజమే, దానికి కారణం చెప్తా విను. గుర్రం ముందు కాలు మధ్యలో ఉండే కీలుని మనం మోకాలు అంటాం గానీ ఎముకల లెక్కన అది మన చేతి మణికట్టు. అసలు మోచెయ్యి ఎక్కడో పైన, పొట్టకి ఆనుకుని ఉంటుంది. అలాగే వెనక కాలు మధ్యలో వెనక్కి పొడుచుకొచ్చిన కీలు ఉంది చూడు, అది మన మడమ, అసలు మోకాలు పైన డొక్క దగ్గర చర్మం మడతలో సగం దాక్కుని ఉంటుంది. అంటే గుర్రం ఒక్కో కాలికి ఒక్క వేలి మీద, అదీ గోరు మీద నిలబడుతుందన్నమాట, ఆ గోరే డెక్క. ఇదొక్కటి బుర్రలోకి ఎక్కితే ఏ కీలు ఎటు వంగుతుందో ఇంక మర్చిపోవు. ఆవుకి డెక్క రెండుగా చీలి ఉంటుంది, తుంటి ఎముకలు పైకి పొడుచుకొస్తాయి. కుక్కకి నడుము వంగుతుంది, పంజా వెడల్పుగా నేలమీద పరుచుకుంటుంది. గుర్రం నడుము అంతగా వంగదు, మడమ కింద అంతా ఎముకా నరమూ తప్ప కండ ఉండదు. నువ్వు కింద కాళ్ళలో కూడా కండ పెట్టేస్తున్నావని నా అనుమానం.

కొలతకి తల పొడుగు పట్టుకో, ముట్టె చివర నుంచి నడినెత్తి దాకా. రొమ్ము ముందు నుంచి పిర్ర చివరి దాకా సుమారు రెండున్నర తలలు, నేల నుంచి మెడ వచ్చి వీపులో కలిసే చోటి దాకా కూడా దాదాపు అంతే. అంటే కాళ్ళూ ఒళ్ళూ కలిపి ఇంచుమించు ఒక చదరంలో పట్టేస్తాయి, తలా మెడా దానికి బయట. ముందు ఆ చదరం గీసుకుని మొదలుపెట్టు. ఇంకోటి, గుర్రానికి మనలాగ జత్రుక ఉండదు, అదేనయ్యా కాలర్ బోన్, ముందు కాళ్ళు ఒంటికి కండరాలతోనే వేలాడుతుంటాయి, అందుకే నడిచేటప్పుడు భుజం మొత్తం చర్మం కింద ముందుకీ వెనక్కీ జారుతుంది. భుజాన్ని ఒక గీతతో మేకు కొట్టినట్టు బిగించేస్తే గుర్రం కదలదు.

ఇంగ్లండ్‌లో జార్జ్ స్టబ్స్ అని ఒకాయన ఉండేవాడు, 1724లో పుట్టాడు. గుర్రాన్ని అర్థం చేసుకోవడం కోసం లింకన్‌షైర్‌లో హార్క్‌స్టో అనే ఊళ్ళో ఒక ఇల్లు తీసుకుని, చచ్చిపోయిన గుర్రాల్ని తాళ్ళతో కొక్కేలతో నిలబడ్డట్టే వేలాడదీసి, తోలు తీసి, కండ పొరపొరా ఒలుస్తూ ఒక్కో పొరనీ గీసుకుంటూ పద్దెనిమిది నెలలు గడిపాడు. ఆ వాసనలో, ఆ పనిలో పక్కన నిలబడి సాయం చేసింది మేరీ స్పెన్సర్ అనే ఆవిడ, ఆమె పేరు కూడా చెప్పుకోవాలి. ఆ బొమ్మలకి ప్లేట్లు చెక్కడానికి ఎవరూ ముందుకి రాకపోతే తనే చెక్కుకుని 1766లో పుస్తకం వేశాడు. లండన్ నేషనల్ గ్యాలరీలో ఆయన వేసిన విజిల్‌జాకెట్ అనే గుర్రం ఉంది, 1762 ప్రాంతంలోది, ఎత్తు దాదాపు మూడు మీటర్లు, వెనక చెట్టూ పుట్టా ఆకాశం ఏమీ లేవు, ఉత్త గుర్రం, ముందు కాళ్ళు పైకెత్తి లేస్తూ. నెట్‌లో పెద్ద సైజు ఫోటో దొరుకుతుంది, తొడ మీదా పొట్ట కిందా చర్మంలో తేలే రక్తనాళాలు చూడు. నిన్ను తోలు తియ్యమని చెప్పట్లేదు బాబూ, ఆయన తీసిన పొరల బొమ్మలు చూసి కాపీ చేసుకో, చాలు.

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్ని. పాత యూరప్ పెయింటింగుల్లో రేసు గుర్రాలు నాలుగు కాళ్ళూ ముందుకీ వెనక్కీ బార చాపి గాల్లో ఎగురుతున్నట్టు ఉంటాయి. గుర్రం అలా పరిగెత్తదని మా మనవడు వాదిస్తున్నాడు. ఎవరిది రైటు?
- కర్నూలు నుంచి

మీ మనవడిదే రైటండి. కానీ ఆ చిత్రకారులు తెలివి తక్కువవాళ్ళని మాత్రం అనుకోవద్దని చెప్పండి.

పరుగులో గుర్రం నాలుగు కాళ్ళూ నేల మీద నుంచి లేచే క్షణం ఒకటుందా లేదా అని పందొమ్మిదో శతాబ్దంలో పెద్ద చర్చే నడిచింది, కంటికి అందేంత నెమ్మదిగా జరిగే పని కాదు కదా. కాలిఫోర్నియాలో లీలాండ్ స్టాన్‌ఫర్డ్ అనే ధనవంతుడికి గుర్రాల పిచ్చి, ఆయన ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫర్‌తో ఈ పని చేయించాడు. 1878 జూన్‌లో పాలో ఆల్టోలో ట్రాక్ పక్కన వరసగా పన్నెండు కెమెరాలు పెట్టి, ట్రాక్‌కి అడ్డంగా సన్న తీగలు కట్టి, గుర్రం ఆ తీగని తెంపుకుంటూ పోతుంటే ఒక్కో కెమెరా క్లిక్కుమనేట్టు ఏర్పాటు చేశాడు. శాలీ గార్డ్‌నర్ అనే ఆడగుర్రం వాటి ముందు దౌడు తీసింది. చూస్తే నాలుగు కాళ్ళూ గాల్లో ఉన్న క్షణం నిజంగానే ఉంది, కాకపోతే అది కాళ్ళు బార చాపినప్పుడు కాదు, నాలుగూ పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడు! అప్పటిదాకా వందల ఏళ్ళుగా వేసిందంతా దానికి తలకిందులు.

ఫ్రెంచి చిత్రకారుడు జెరికో 1821లో వేసిన ఎప్సమ్ డెర్బీ రేసు బొమ్మ లూవ్ర్ మ్యూజియంలో ఉంది, మీరు చెప్పిన బార చాపుడు గుర్రాలు అందులోనే ఉంటాయి. మైబ్రిడ్జ్ ఫోటోలు బయటికొచ్చాక చాలామంది ఆ బొమ్మని తప్పు అన్నారు. శిల్పి రోదాఁ మాత్రం ఒప్పుకోలేదు, జెరికోదే నిజం, ఫోటోనే అబద్ధం చెప్తోందని వాదించాడు, ఎందుకంటే కాలం ఎక్కడా ఆగదు, బొమ్మలో గుర్రం వెనక కాలు తన్నిన క్షణమూ ముందు కాలు అందుకోబోయే క్షణమూ రెండూ కలిసి ఉన్నాయి, అందుకే మన కంటికి అది పరిగెడుతుంది, ఫోటోలోది మాత్రం గాల్లో కాళ్ళు ముడుచుకుని ఆగిపోయినట్టు కనపడుతుంది అని. ఇంకో ఫ్రెంచి చిత్రకారుడు దెగా వేరే దారి పట్టాడు, మైబ్రిడ్జ్ ఫోటోల్ని శ్రద్ధగా చూసి గుర్రాలు గీశాడు, మైనంతో చిన్న గుర్రాలు కూడా చేశాడు. కానీ ఆయన రేసు బొమ్మల్లో నాకు ఎక్కువ నచ్చేవి పరుగువి కాదు, రేసు మొదలవ్వకముందు గుర్రాలు అటూ ఇటూ నెమ్మదిగా తిరుగుతూ ఒకటి రెండు మాత్రం తల విసురుతూ ఉండేవి.

నా అభిప్రాయం అడిగితే, కాళ్ళు ఎలా కదులుతాయో పక్కాగా తెలుసుకున్నాక ఎలా మార్చుకున్నా పర్లేదు. తెలీకుండా మారిస్తే తెలిసిపోతుంది. మనవడికి నా ఆశీస్సులు చెప్పండి.

ప్రశ్న: ఎవరో ఒక మేడమ్ ఏడు గుర్రాల పెయింటింగ్ వేసిమ్మని ఆర్డర్ ఇచ్చారండి, హాల్లో పెట్టుకోడానికి. ఏ దిక్కున పెట్టాలి, గుర్రాలు ఎటు చూడాలి అని నన్నే అడుగుతున్నారు. నెట్‌లో చూసింది వేసేస్తే సరిపోతుందా?
- ఒక గృహిణి, విశాఖపట్నం

దిక్కు సంగతి వాళ్ళ ఇంటి పెద్దల్ని, వాళ్ళు నమ్మే సిద్ధాంతి గారినీ అడగమనండమ్మా, అది నాకు తెలిసిన విద్య కాదు. బొమ్మ సంగతి చెప్తా.

నెట్‌లో తిరిగే ఆ ఏడు తెల్ల గుర్రాల బొమ్మల్ని దగ్గరగా చూడండి, చాలావాటిల్లో ఒక్కటే గుర్రం ఏడుసార్లు ఉంటుంది, తల తిప్పడం కూడా ఒకటే, జూలు ఎగిరే తీరు కూడా ఒకటే. డెక్కలు నీళ్ళ తుంపర్లలోనో దుమ్ములోనో దాచేస్తారు, ఎందుకంటే డెక్క గీయడం కష్టం. అదే వెయ్యకండి, మీకు డబ్బొస్తుందేమో గానీ చెయ్యి ఎదగదు.

మీది అరసవల్లికి దగ్గరే కదా, సూర్యుడి రథానికి ఏడు గుర్రాలు అంటే అవి ఏడు వేద ఛందస్సులని మన పెద్దవాళ్ళు చెప్తారు: గాయత్రి, ఉష్ణిక్, అనుష్టుప్, బృహతి, పంక్తి, త్రిష్టుప్, జగతి. గాయత్రికి 24 అక్షరాలు, అక్కడి నుంచి నాలుగేసి పెరుగుతూ జగతికి 48. నాకైతే ఇది చిత్రకారుడికి తయారుగా దొరికిన ఐడియాలా అనిపిస్తుంది, ఏడు గుర్రాలకీ ఏడు నడకలు పెట్టొచ్చు, గాయత్రి గుర్రం పొట్టి అంగలతో చురుగ్గా, జగతి గుర్రం బాగా సాగదీసిన అంగతో, మధ్యలోవి ఒకదాన్నించి ఒకటి కొంచెం కొంచెం పెరుగుతూ. చూసేవాళ్ళకి ఈ లెక్క తెలీకపోయినా ఏడూ వేరువేరు ప్రాణులని మాత్రం తెలుస్తుంది. ఒకదాని మెడ మీదుగా ఇంకోదాని మెడ రానివ్వండి, రెండు వెలుగులో ఉంచి రెండింటిని నీడలోకి తోసేయండి. అన్నీ తెల్లవే కావాలని ఆర్డర్ ఇచ్చినవాళ్ళు అంటే కింద తెలుపు గురించి వరంగల్ వాళ్ళకి రాసింది చదవండి.

ప్రశ్న: అన్నా, నేను దోహాలో డ్రైవర్‌గా చేస్తున్న. ఇక్కడ ఎడ్యుకేషన్ సిటీల చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్ గారి గాజు గుర్రాలు చూసిన, మస్తుగున్నయి. కానీ ఆయన కాన్వాస్ మీద ఏసిన గుర్రాలు చూస్తే కాళ్ళు విరిగినట్టు, మొహం మూలకు తిరిగినట్టు ఉంటయి. వాటికి అంత పేరెందుకు? నిజంగ అడుగుతున్న.
- కరీంనగర్ జిల్లా పాఠకుడు

మంచి ప్రశ్న తమ్ముడూ, అడగడానికి సిగ్గుపడేవాళ్ళు చాలామంది ఉంటారు. నువ్వు చూసింది ఆయన చివరి రోజుల్లో అనుకున్న పని, ఆయన 2011లో లండన్‌లో పోయాక 2019లో దాన్ని జనం కోసం తెరిచారు, అది నీ డ్యూటీ దారిలో ఉండటం నీ అదృష్టం, ఇంకోసారి తీరిగ్గా చూసిరా.

మక్బూల్ ఫిదా హుస్సేన్ 1915లో పంఢరపురంలో పుట్టి ఇండోర్‌లో పెరిగాడు. అక్కడ మొహర్రం ఊరేగింపుల్లో దుల్‌దుల్ గుర్రాన్ని తీసుకెళ్తారు, కర్బలాలో రౌతు పడిపోయాక ఒంటరిగా తిరిగొచ్చిన గుర్రానికి గుర్తుగా. మన దగ్గర పీర్ల పండగ చూసినవాళ్ళకి ఆ వాతావరణం, ఆ డప్పులు, ఆ ఏడుపులు తెలుసు. చిన్నపిల్లాడి కంట్లో పడ్డ ఆ గుర్రం ముసలితనం దాకా పోలేదు. ఆయన గుర్రాల మీద రౌతు కనపడకపోవడం, తల వెనక్కి విసిరి నోరు తెరిచి అరుస్తున్నట్టు ఉండటం, అందులో ఉత్త పొగరే కాదు దుఃఖం కూడా ఉంది, నాకు మొదట్నించీ అలాగే కనపడుతుంది.

తర్వాత బొంబాయిలో సినిమా హోర్డింగులు వేసి బతికాడు. నిచ్చెన మీద నిలబడి పది అడుగుల మొహాన్ని వెయ్యాలంటే మణికట్టు తిప్పితే సరిపోదు, భుజం నుంచి చెయ్యి మొత్తం తిప్పాలి. ఆ భుజం గీత ఆయన గుర్రాల మెడలో ఉంటుంది, చెవి దగ్గర మొదలైన నల్ల గీత మెడ మీదుగా వీపు దాటి పిర్ర దాకా ఆగకుండా వస్తుంది, ఎక్కడా తడబడదు. 1952లో చైనా వెళ్ళి అక్కడి పాత మట్టి గుర్రాలూ సిరా గుర్రాలూ చూశాడు. చైనాలో షూ బెయ్‌హాంగ్ అని గొప్ప చిత్రకారుడు, పారిస్‌లో చదువుకుని వచ్చి సిరా కుంచెతో గుర్రాలు వేసినవాడు, ఆయనే 1939-40లో టాగోర్ పిలిస్తే శాంతినికేతన్‌కి కూడా వచ్చాడు. ఆయన గుర్రం జూలు చూస్తే కుంచెలో సిరా అయిపోతూ గీత చీలిపోయిన చోటే వెంట్రుకలు పుడతాయి, విడిగా ఒక్క వెంట్రుక కూడా గీయడు.

ఇంక విరిగిన కాళ్ళ సంగతి. అవి విరగలేదు తమ్ముడూ, ఒకే గుర్రాన్ని రెండు మూడు వైపుల నుంచి చూసింది ఒకచోట పెట్టాడు, కోపంతో తిరిగిన మెడా, తన్నబోయే కాలూ. కుదురుగా నిలబెట్టి వేసుంటే ఆ బలం రాదు. జర్మనీలో ఫ్రాంజ్ మార్క్ 1911లో నీలం గుర్రం వేసినప్పుడు కూడా గుర్రం నీలంగా ఉంటుందా అని అడిగినవాళ్ళు ఉండే ఉంటారు, ఇప్పుడు మ్యూనిక్‌లో ఆ బొమ్మ ముందు జనం నిలబడి చూస్తున్నారు. పాపం ఆయన 1916లో వెర్డన్ యుద్ధంలో చచ్చిపోయాడు, ఆయన వేసిన ఇంకో పెద్ద నీలి గుర్రాల బొమ్మ 1945 నుంచీ కనపడకుండా పోయింది, తల్చుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

హుస్సేన్ గుర్రాలన్నీ ఒక్క స్థాయిలో ఉన్నాయని నేను అనను, ఆయన వేగంగా వేసేవాడు, చాలా వేశాడు, అందులో గుర్రం బదులు అలవాటు మాత్రమే కనిపించేవి కూడా ఉన్నాయి. మంచివి మాత్రం చాలా మంచివి. హైదరాబాద్‌తో కూడా ఆయనకి గట్టి బంధమే ఉంది, సోషలిస్టు నాయకుడు లోహియా చెప్పిన మాట మీద బద్రీవిశాల్ పిత్తీ గారి అండతో ఇక్కడ రామాయణం బొమ్మలు వేశాడు, తర్వాత సినిమా ఘర్ అనే మ్యూజియం కట్టుకున్నాడు.

ప్రశ్న: తెల్ల గుర్రానికి తెలుపు, నల్ల గుర్రానికి నలుపు వేస్తే సున్నం కొట్టినట్టు, తారు పూసినట్టు వస్తోంది. అక్రిలిక్ వాడతాను.
- వరంగల్ నుంచి

ట్యూబులో తెలుపు ఎక్కడా ఉత్తగా వాడకండి, ఆఖరున వెలుగు బాగా తగిలే ఒకటి రెండు చోట్ల తప్ప. వీపు మీద ఆకాశం పడుతుంది కాబట్టి అక్కడ తెలుపులో పిసరంత నీలం, పొట్ట కింద నేల పడుతుంది కాబట్టి కొంచెం వెచ్చని రంగు, మన ఎర్రమట్టి నేల మీద నిలబడ్డ గుర్రానికైతే పొట్ట గులాబీ ఎరుపు తిరిగి కనపడుతుంది, పొద్దున్న పూట వెళ్ళి చూడండి. ఇంకోటి ఏంటంటే మనం తెల్లవి అనుకునే గుర్రాల్లో ఎక్కువభాగం పుట్టినప్పుడు ముదురు రంగులో ఉండి వయసు పెరిగేకొద్దీ వెంట్రుక తెల్లబడినవే, లోపల చర్మం నల్లగానే ఉంటుంది, అందుకే ముట్టె దగ్గరా కళ్ళ చుట్టూ వెంట్రుక పల్చబడిన చోట బూడిద నలుపు కనిపిస్తుంది. ఆ నలుపు పెట్టగానే తెల్ల గుర్రానికి ప్రాణం వచ్చేస్తుంది.

నలుపుకి ట్యూబు నలుపు బదులు అల్ట్రామెరీన్ బ్లూ, బర్న్‌ట్ అంబర్ కలపండి, నీడలో అంబర్ వైపు, మెరుపులో బ్లూ వైపు మొగ్గించండి. గోధుమరంగు గుర్రాల్లో జూలూ తోకా మోకాళ్ళ కిందా నల్లగా ఉండేవి ఒక రకం, జూలు కూడా ఒంటి రంగులోనే ఉండేవి ఇంకో రకం, రెంటినీ కలిపేయకండి. నాలుగు కాళ్ళూ మొహమూ తెల్లగా ఉంటే పంచకళ్యాణి అంటాం కదా, మొదటి కలర్ బొమ్మకి అదే తీసుకోమంటా నేను, ముదురూ లేతా రెండూ ఒకే ఒంటి మీద దొరుకుతాయి కాబట్టి చెయ్యి బాగా సాగుతుంది.

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో క్లాసు, ఎప్పుడు చూసినా గుర్రాలే వేస్తుంది, అన్నీ ఫోన్‌లో చూసే. నిజం గుర్రాన్ని చూపించమంటుంది. ఎక్కడికి తీసుకెళ్ళాలి?
- ఒక తల్లి, గుంటూరు

ముందు ఆ పిల్లకి నా శెభాష్ చెప్పండమ్మా, నిజం గుర్రం కావాలని అడిగింది చూడండి, దార్లోనే ఉంది.

హైదరాబాద్ వస్తే మలక్‌పేట రేస్‌కోర్సు ఉంది, రేసుకి ముందు గుర్రాల్ని గుండ్రంగా నడిపిస్తారు, కండ ఎలా ఉంటుందో అక్కడ తెలిసినట్టు ఇంకెక్కడా తెలీదు. అంత దూరం ఎందుకు, మీ ఊళ్ళోనే పెళ్ళి ఊరేగింపు గుర్రం ఉంటుంది, బీచ్‌కి వెళ్తే పిల్లల్ని ఎక్కించుకుని తిప్పే గుర్రాలు ఉంటాయి. కాపలా మనిషిని అడిగి, పక్క నుంచి కనపడేట్టు వెళ్ళండి, వెనక నుంచి అస్సలు వెళ్ళొద్దు, ఫోన్ ఫ్లాష్ కొట్టొద్దు. ఒక గంట కూర్చుంటే చాలు. అది ఊరికే నిలబడ్డప్పుడు ఒక వెనక కాలు డెక్క కొన మీద ఆనించి ఆ వైపు తుంటి కిందికి దించేస్తుంది, కాసేపటికి కాలు మార్చుకుంటుంది. రెండు చెవులూ ఒకే వైపు ఉండవు, ఒకటి ముందున్న మనిషి వైపు, ఇంకోటి వెనకాల హారన్ వైపు. రాజస్థాన్ నుంచి వచ్చిన మార్వారీ గుర్రమైతే చెవుల కొసలు లోపలికి తిరిగి ఒకదానికొకటి తగులుతుంటాయి. కంటి పాప అడ్డంగా కోలగా ఉంటుంది, మనలా గుండ్రంగా కాదు, ఫోన్‌లో చూసి వేసే పిల్లలు అందరూ గుండ్రంగానే వేస్తారు. కళ్ళెం ఒరుసుకుని ముక్కు మీద వెంట్రుక ఊడిన చోటు కూడా చూసి వెయ్యమనండి, పక్కటెముకలు కనిపిస్తే పక్కటెముకలే వెయ్యమనండి, బీచ్‌లో పొద్దంతా ఎండలో నిలబడే గుర్రాన్ని రాజుగారి గుర్రంలా వేస్తే దానికి మనం న్యాయం చేసినట్టు కాదు.

కలకత్తాలో సునీల్ దాస్ గారని ఉండేవారు, స్టూడెంటుగా ఉన్నప్పుడు గుర్రపు పోలీసుల లాయానికి వెళ్ళి బొగ్గుతో గీసీ గీసీ, చదువుకుంటుండగానే 1959లో జాతీయ అవార్డు తెచ్చుకున్నారు. ఇంకా పాత కథ, ఆడపిల్ల కాబట్టి ఇది తప్పకుండా చెప్పండి, ఫ్రాన్స్‌లో రోజా బోనర్ అనే ఆవిడ పారిస్ గుర్రాల సంతకి వారానికి రెండుసార్లు వెళ్ళి ఏడాదిన్నర పాటు గీసుకుంది. ఆ రోజుల్లో ఆడవాళ్ళు ప్యాంటు వేసుకోవాలంటే పోలీసుల పర్మిషన్ కావాలి, సంతలో ఎవరూ గుచ్చి గుచ్చి చూడకుండా ఉండటానికి ఆవిడ ఆ పర్మిషన్ తీసుకుని మగవాళ్ళ బట్టల్లో వెళ్ళేది. అలా తయారైన సంత బొమ్మ ఐదు మీటర్ల పైన వెడల్పు, ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది.

ఫోటో తీసుకుంటే మాత్రం దగ్గరికెళ్ళి తీయొద్దు, తల పెద్దదిగా వెనక భాగం చిన్నదిగా వచ్చేస్తుంది, ఆ తప్పే బొమ్మలోకి దిగుతుంది. పది అడుగులు వెనక్కొచ్చి జూమ్ చేసి తీయమనండి.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాం. మా బాబు స్కూల్ ప్రాజెక్టుకి "మీ సంస్కృతిలో గుర్రం బొమ్మలు" అని ఇచ్చారు. తెలుగువాళ్ళకి గుర్రాల చిత్రకళ ఉందా అసలు?
- ఒక పాఠకుడు

ఉందండీ, ఎందుకు లేదు! రాతి మీద మొదలుపెట్టండి. అమరావతి శిల్పాల్లో సిద్ధార్థుడు ఇల్లు వదిలి వెళ్ళే రాత్రి చెక్కారు, ఆయన్ని మోసిన గుర్రం కంథకం. డెక్కల చప్పుడుకి ఊరు లేవకుండా దేవతలు వాటిని అరచేతుల్లో పట్టుకున్నారని కథ. ఆ రాళ్ళు కొన్ని చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో, కొన్ని లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి.

తర్వాత హంపి. మహర్నవమి దిబ్బ గోడల మీద, హజారరామ గుడి ప్రాకారం మీద వరసలు వరసలుగా గుర్రాలు నడుస్తుంటాయి, వాటిని పట్టుకుని నడిపించే విదేశీ వర్తకులు కూడా కనపడతారు. విజయనగరానికి మంచి గుర్రాలు సముద్రం దాటి అరేబియా, పర్షియా వైపు నుంచి రావాలి. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాజనీతి చెప్తూ రేవుల్ని బాగు చేసుకోవాలి, ఏనుగులూ గుర్రాలూ తెచ్చే దూరదేశపు వర్తకుల్ని ఆదరించి మనవైపు కట్టేసుకోవాలి, లేకపోతే ఆ సరుకు శత్రువులకి పోతుంది అని రాశాడు. రాయి మీద ఆ శిల్పి గుర్రాన్ని అంత శ్రద్ధగా చెక్కడం వెనక ఈ కొనుగోళ్ళ కథ ఉంది, మీ బాబు ప్రాజెక్టుకి ఈ ఒక్క పాయింటు బాగా పనికొస్తుంది.

బొమ్మలంటే చేర్యాల నకాషీ ఉంది. ఖద్దరు గుడ్డకి చింతగింజల అంబలి, సుద్ద పట్టించి ఆరబెట్టి, ఎర్ర నేపథ్యం మీద కథలు వేస్తారు, ఊరూరా తిరిగి కథ చెప్పేవాళ్ళు ఆ పటాన్ని విప్పుతూ పాడేవాళ్ళు. అందులో గుర్రం ఎప్పుడూ పక్కకే తిరిగి, ఒంటి కన్ను పెద్దగా పెట్టుకుని ఉంటుంది, కింద నేలా పైన ఆకాశం అనే గొడవ లేదు, కథలో ఎటు పోవాలో అటు నడుస్తుంది. మీ బాబుతో పేపర్ మీద ఎర్ర పోస్టర్ కలర్ వేయించి దాని మీద ఒక గుర్రం వేయించండి, ముందు రంగు నింపి ఆఖరున నల్ల గీత. తిరుమల బ్రహ్మోత్సవాల్లో ఎనిమిదో రోజు రాత్రి అశ్వవాహనం వీడియో కూడా చూపించండి, చెక్కిన గుర్రానికి అలంకారం ఎలా ఉంటుందో తెలుస్తుంది.

ప్రశ్న: హుస్సేన్ గుర్రాల్ని చూసి వేసి ఆన్‌లైన్‌లో అమ్ముకోవచ్చా?
- విజయవాడ

ప్రాక్టీసుకి వేసుకోండి, గోడకి పెట్టుకోండి, అమ్మొద్దు. మన చట్టంలో చిత్రకారుడు పోయాక అరవై ఏళ్ళ దాకా కాపీరైట్ ఉంటుంది, ఆయన 2011లో పోయారు కాబట్టి 2071 ముగిసేదాకా. పింటరెస్ట్‌లో దొరికిన గుర్రం ఫోటో కూడా ఎవరో ఒకరిదే, తీసినవాళ్ళని అడక్కుండా దాన్ని చూసి వేసిన బొమ్మ అమ్మడం కూడా సరి కాదు. మీరే వెళ్ళి ఒక గుర్రాన్ని చూసి వెయ్యండి, అది పూర్తిగా మీది.

ప్రశ్న: చార్కోల్‌తో వేసిన గుర్రం చెయ్యి తగిలితే చెరిగిపోతుంది. హెయిర్ స్ప్రే కొట్టొచ్చని ఫ్రెండ్ చెప్పాడు, నిజమేనా?
- ఒంగోలు

కొట్టొద్దండి, అప్పటికి ఆగినట్టే ఉంటుంది గానీ కొన్నాళ్ళకి కాగితం పసుపు తిరుగుతుంది. ఆర్ట్ షాపులో ఫిక్సేటివ్ స్ప్రే అని అడగండి, కిటికీ తీసుకుని అడుగు దూరం నుంచి పల్చగా రెండు మూడు విడతలుగా కొట్టండి, ఒకేసారి తడిపేస్తే లేత బూడిద రంగులన్నీ ముదిరిపోతాయి, గుర్రం పొట్ట కింద వెలుగు పోతుంది. ఫ్రేము కట్టించేటప్పుడు చుట్టూ మౌంటు బోర్డు పెట్టమనండి, అద్దం బొగ్గుకి ఆనకూడదు.